లాగడం తేలికే, ఆపడమే లెక్క: 1961 అంబాసిడర్‌ను తెనాలి పక్క డొంక నుంచి హైదరాబాదుకు చేర్చిన కేసు

బండి 1961 అంబాసిడర్ మార్క్ 1. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అచ్చులో ఉత్తర్‌పారాలో తయారైంది. 1489 సీసీ ఇంజిన్, స్టీరింగ్ కింద గేరు రాడ్, ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక కమాన్ పట్టీలు. పన్నెండేళ్లుగా తెనాలి పక్క పల్లెలో ఒక గొడ్లచావిడిలో కదలకుండా ఉంది. ఇంజిన్ బిగుసుకుపోయింది. బ్రేక్ పెడల్ తొక్కితే నేలకు తగులుతుంది. వెనక కుడి చక్రం తిరగదు. దీన్ని హైదరాబాదులో రెస్టొరేషన్ షెడ్డుకు చేర్చాలి. దూరం సుమారు 310 కిలోమీటర్లు. అందులో మొదటి 1.4 కిలోమీటర్లు కాలువ గట్టు పక్క డొంక. వెడల్పు రెండున్నర మీటర్లకు మించదు, మధ్యలో ఒక చప్టా. ట్రైలరు లోపలికి వచ్చినా తిప్పుకునే చోటు లేదు.

అందుకే పనిని రెండు ముక్కలు చేశారు. డొంక దాటేవరకు ట్రాక్టరుకు టో బార్ (రెండు బళ్లను కలిపే ఇనుప బద్ద) వేసి లాగడం, తారు రోడ్డు మీద ట్రైలరు ఎక్కించడం.

"టో బార్ ఎలాగూ ఉంది కదా, హైదరాబాదు దాకా దాంతోనే లాగేస్తే పోలా?" అని ఇలాంటి ప్రతి పనిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు అంకెల్లో ఉంది. బండి బరువు కాటా మీద 1,120 కిలోలు. మట్టం తారు రోడ్డు మీద దాన్ని ఆగకుండా లాగుతూ పోవడానికి 15 నుంచి 20 కిలోల బలం చాలు. తడి మట్టి డొంకలో అది 60 నుంచి 110 కిలోలకు పెరుగుతుంది. చప్టా ఎక్కే దగ్గర పదికి ఒకటి వాలు ఉంటే ఇంకో 110 కలుస్తుంది. అదే ముందు వాహనం ఓ మాదిరి గట్టిగా బ్రేకు వేస్తే, వెనక కారుకు సొంత బ్రేకు లేనప్పుడు, టో బార్ మీద 330 కిలోలకు పైగా తోపుడు పడుతుంది. తాడు కట్టి లాగితే ఆ తోపుడును ఆపేదే లేదు, కారు నేరుగా వచ్చి ముందు బండికి గుద్దుకుంటుంది. తాడు వదులై ఒక్కసారిగా బిగుసుకుంటే వచ్చే కుదుపు టన్ను దాటగలదు. అరవయ్యేళ్ల తుప్పు పట్టిన రేకులో బోల్టు రంధ్రం చిరిగేది ఆ కుదుపుకే. లాగడానికి కావలసింది ఇద్దరు మనుషుల బలం, ఆపడానికి కావలసింది దానికి అనేక రెట్లు. ఈ పనిలో తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఇక్కడి నుంచే వచ్చింది.

చట్టం కూడా దాదాపు ఇదే మాట అంటుంది. మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు 2017 ప్రకారం చెడిపోయిన బండిని లాగడం దగ్గరి షెడ్డుకు చేర్చుకోవడానికే. రెండు బళ్ల మధ్య ఎడం 5 మీటర్లు దాటకూడదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు. ముందు చక్రాలు నేల మీద ఉంటే కారు స్టీరింగు ముందు లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. పైగా చక్రాల మీద రోడ్డెక్కితే అది మోటారు వాహనమే, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు ప్రశ్నలు వెంటనే వస్తాయి. ట్రైలరెక్కితే సరుకు. పన్నెండేళ్లుగా కాగితాలు నడవని బండికి ఈ తేడా చాలా పెద్దది.

చావిడిలో చేసిన పని

కారు మీద చెయ్యి వేసే ముందు టార్చిలైటుతో అడుగు, సీట్ల కింద, డిక్కీ, సైలెన్సరు గొట్టం చూశారు. వడ్లు, గడ్డి ఉన్న చోట ఎలుకలు ఉంటాయి, ఎలుకలున్న చోట పాములుంటాయి. నవ్వులాటకు చెప్పే మాట కాదిది. చావిడిలో కారు కింద పడుకుని పానా తిప్పే మనిషికి పక్కకు దొర్లే చోటు కూడా ఉండదు. బ్యాటరీ విప్పేశారు, ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు పీపాలోకి దించారు.

తరువాత నాలుగు మూలలా జాకీ పెట్టి ఎత్తి ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూశారు. జాకీ మీద మాత్రమే ఆనించి కారు కిందికి దూరవద్దు. టేకు దిమ్మలు గానీ స్టాండ్లు గానీ ఉండాలి. ముందు రెండూ తిరిగాయి, బేరింగు గరగర మంది గానీ ఆట తక్కువే. వెనక ఎడమది బిర్రుగా తిరిగింది. కుడిది అసలు కదల్లేదు.

బిగుసుకున్న బ్రేకు డ్రమ్మును లాగి విడిపించాలనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు. ట్రాక్టరు లాగితే చక్రం తిరగకుండా ఈడ్చుకొస్తుంది, పాత టైరు ఒక చోటే అరిగి ట్యూబు పోతుంది. లేదా డ్రమ్మును లోపలి నుంచి పట్టి ఆపే షూ మీది లైనరు ఊడి డ్రమ్ములో ఇరుక్కుని, కాసేపు తిరిగి, సరిగ్గా చప్టా మధ్యలో మళ్లీ పట్టేస్తుంది. ఇక్కడ చేసిన వరస వేరు. ముందు హ్యాండ్‌బ్రేకు కేబుల్ వెనక నుంచి తప్పించారు. బ్రేకు అడ్జస్టరును పూర్తిగా వదులు చేశారు. ఆపైన నూనె ఒత్తిడితో షూలను తోసే వీల్ సిలిండరు దగ్గర గాలి తీసే నిపిల్ ఒక పావు చుట్టు విప్పారు. పాత రబ్బరు హోసు లోపల ఉబ్బితే నూనె ఒత్తిడి వెనక్కి రాక అక్కడే ఆగిపోతుంది. నిపిల్ విప్పగానే నల్లటి నూనె చుక్కలు చిమ్మితే అదే కారణమని తెలిసిపోతుంది. ఇక్కడ చిమ్మలేదు, అంటే షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కున్నాయి. డ్రమ్ము అంచు మీద చెక్క దిమ్మ ఆనించి చుట్టూ కొడుతూ, రాత్రంతా తుప్పు వదిలించే నూనెలో నాననిచ్చి, మరునాడు మళ్లీ కొడితే వదిలింది. గ్యాసు మంటతో కాల్చాలని చూడొద్దు. గ్రీజు, సీలు, బ్రేకు నూనె అన్నీ అక్కడే ఉంటాయి, పెట్రోలు ట్యాంకు కూడా అటు వెనక వైపే.

డ్రమ్ములు వదిలాక హ్యాండ్‌బ్రేకుకు కొత్త కేబుల్ వేశారు. హైడ్రాలిక్ బ్రేకును ఈ దశలో బాగు చేయలేదు. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, హోసులు మారిస్తే తప్ప దాన్ని నమ్మలేం, అది షెడ్డులో చేసే పని. హ్యాండ్‌బ్రేకు మాత్రం కేబుల్ మీద నడిచేది, నూనెతో పని లేదు. నలుగురు వెనక నుంచి తోస్తుంటే లివరు లాగితే కారు కదలకుండా నిలబడాలి. ఈ పరీక్ష నెగ్గాకే ముందుకు వెళ్లారు.

టైర్లు 5.90-15 కొలత, పక్కలు నిలువునా పగుళ్లు. ఇలాంటి పాత టైరులో ఒకేసారి 30 పౌండ్ల గాలి కొట్టకూడదు. 10 కొట్టి, పక్కకు తప్పుకుని పావుగంట చూసి, తర్వాత 20, తర్వాత 28. రెండు ట్యూబులు నిలవలేదు, మార్చారు. చివరికి సుద్దముక్కతో నాలుగు టైర్ల మీదా గీత గీసి, కారును చేత్తో రెండు మీటర్లు తోశారు. నాలుగు గీతలూ సమానంగా తిరిగాయి. ముందు చక్రాలు జాకీ మీద ఉండగానే స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూశారు. స్టీరింగు ర్యాక్ (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) మొదట్లో బిగువుగా ఉండి తర్వాత వదులైంది. మధ్యలో ఎక్కడైనా ముడిపడ్డట్టు ఆగితే ఆ బండిని టో బార్ మీద తీసుకెళ్లకూడదు.

ప్రొపెల్లర్ షాఫ్టు ఎందుకు విప్పారు

గేరుబాక్సును వెనక ఇరుసుకు కలిపే కడ్డీ ఇది. 1.4 కిలోమీటర్లకు షాఫ్టు విప్పాలా అని సందేహం రావచ్చు. పాత మాన్యువల్ గేరుబాక్సులో నూనెను చిమ్మేది కింది లేషాఫ్టు. దాన్ని తిప్పేది ఇంజిను. ఇంజిను ఆగి, వెనక చక్రాలు తిరుగుతుంటే మెయిన్‌షాఫ్టు తిరుగుతుంది గానీ దాని మీది గేర్లకు, బుష్షులకు నూనె సరిగా చేరదు. ఈ కారణం దూరపు ప్రయాణానికి. ఇక్కడ అసలు కారణం వేరే. స్టీరింగు కింది గేరు రాడ్డు ఉన్న అంబాసిడర్లలో లింకేజీ బుష్షులు అరిగితే పైన రాడ్డు న్యూట్రల్‌లో ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల గేరు పడి ఉండొచ్చు. ఇంజిను బిగుసుకున్న బండిలో గేరు పడి ఉంటే వెనక చక్రాలు ఒక్కసారిగా పట్టేస్తాయి. కాబట్టి షాఫ్టు వెనక ఇరుసుకు బిగించే డిఫరెన్షియల్ ఫ్లాంజి దగ్గర నాలుగు బోల్టులు విప్పడమే నమ్మకమైన న్యూట్రల్.

విప్పే ముందు రెండు ఫ్లాంజిల మీదా కలిపి ఒక పెయింటు గీత వేయాలి. తిరిగి అదే వరసలో బిగించకపోతే తర్వాత వేగం మీద అదురు వస్తుంది. విప్పిన కొసను పక్కకు జరిపి బాడీకి మందపాటి వైరుతో రెండు చోట్ల కట్టారు. గేరుబాక్సు వైపు కొసను లాగలేదు. అటు వైపు లాగితే నూనె కారే బళ్లున్నాయి, పైగా కట్టు ఊడి ముందు కొస నేలకు దిగబడితే కారు దాని మీద ఎగిరిపడుతుంది. నాలుగు బోల్టులు, నట్లు ఒక గుడ్డ సంచిలో వేసి, చీటీ రాసి, స్టీరింగుకు కట్టారు.

డొంక మీద ట్రాక్టరు

టో బార్ త్రికోణం ఆకారంలో ఉన్నది. రెండు కాళ్లు కారు వైపు, మొన ట్రాక్టరు డ్రాబార్ (వెనక లాగుడు బద్ద) వైపు. కాళ్లకు 50 మిల్లీమీటర్ల బయటి కొలత, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పైపు, పొడవు 1.8 మీటర్లు. ఒకే పొడుగాటి పైపును రెండు కొక్కేలకు తగిలించి లాగేవాళ్లున్నారు. లాగేటప్పుడు అది బాగానే ఉంటుంది, బ్రేకు వేసినప్పుడు నడుమ వంగుతుంది, ఒకసారి వంగితే మళ్లీ ఎన్నటికీ నిలవదు. త్రికోణమైతే కారు ముక్కును పక్కకు పోనివ్వకుండా ట్రాక్టరు వెంట తిప్పుతుంది. కారు దగ్గరి పిన్నులు కిందికీ పైకీ మాత్రమే ఆడాలి, ట్రాక్టరు దగ్గరి మొన అన్ని వైపులకూ ఆడాలి. దీన్ని తారుమారుగా బిగిస్తే మలుపులో బార్ గానీ బ్రాకెట్టు గానీ విరుగుతుంది.

కారుకు ఎక్కడ తగిలించాలన్నది అసలు ప్రశ్న. బంపరుకు కాదు. ఆ క్రోము పట్టీ అందానికి, చిన్న దెబ్బలకు ఉద్దేశించింది. బంపరు విప్పితే దాని ఇనుప చేతులు బిగించే చోట బాడీ ముందు కాళ్ల కొసలు కనిపిస్తాయి. అంబాసిడర్‌కు వేరే చాసిస్ లేదు, ఆ కాళ్లే చాసిస్. అక్కడ స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడాలి. లోపలికి దిగితే, లేదా పొరలు పొరలుగా రాలితే ఆ చోటును మరచిపోవాల్సిందే. ఈ బండిలో రెండు కొసలూ గట్టిగానే ఉన్నాయి. అయినా లోపలి వైపు 8 మిల్లీమీటర్ల ప్లేటు ఆనించి, 8.8 గ్రేడు బోల్టులతో బ్రాకెట్లు బిగించారు. ప్లేటు లేకపోతే బోల్టు తల రేకును చించుకుని బయటికి వస్తుంది. టార్షన్ బార్లకు గొలుసు గానీ కొక్కెం గానీ తగిలించడం నేరం కిందే లెక్క. వాటి మీద చిన్న గాటు పడ్డా చీలిక అక్కడే మొదలవుతుంది. స్టీరింగు టై రాడ్లకూ అదే మాట.

బార్ పక్కనే రెండు 10 మిల్లీమీటర్ల గొలుసులు, ఒకదాని మీద ఒకటి కత్తెర వేసి కట్టారు. పిన్ను ఊడితే బార్ మొన నేలను తాకకుండా ఈ కత్తెరే పట్టి ఉంచుతుంది. నేలలో గుచ్చుకున్న బార్ కారును ఎత్తి పడేస్తుంది. పిన్నులు 19 మిల్లీమీటర్లవి, ప్రతిదానికీ స్ప్రింగు క్లిప్పు. మేకు వంచి పిన్నుగా పెట్టడం పల్లెల్లో రివాజు, అది ఇక్కడ పనికిరాదు.

ట్రాక్టరు 45 హార్స్‌పవరుది. కారు కంటే దాదాపు రెట్టింపు బరువు, కాబట్టి ఆపగలదు. దాని ఎడమ, కుడి బ్రేకు పెడళ్లు వేర్వేరుగా ఉంటాయి, పొలంలో తిరగడానికి. రోడ్డు మీద వాటిని మధ్య కొండితో కలిపి ఉంచాలి. విడిగా ఉండి ఒకటే తొక్కితే ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది, బార్ కారు ముక్కును కాలువ వైపు నెడుతుంది. ఈ కొండి సంగతి ట్రాక్టరు డ్రైవరుకు గుర్తు చేయడం ఆ రోజు చేసిన పనుల్లో చిన్నదే గానీ కీలకం. డ్రాబార్ ఎత్తు కూడా కారు బ్రాకెట్ల ఎత్తుకు సమానంగా సర్దారు. మొన పైకి ఉంటే ముందు చక్రాలు తేలికై స్టీరింగు వినదు.

వేగం నడకంత, గంటకు 6 కిలోమీటర్లు. కారులో లైసెన్సు ఉన్న మనిషి ఒకడు, చేతులు స్టీరింగు మీద తేలికగా ఆనించి. గట్టిగా పట్టుకుంటే బార్‌తో కుస్తీ పడుతున్నట్టే. చప్టా దిగే దగ్గర ట్రాక్టరు మొదటి గేరులో, క్లచ్ తొక్కకుండా. దిగుడులో క్లచ్ తొక్కితే ఇంజిను ఆపే బలం పోయి మొత్తం బ్రేకు మీదే పడుతుంది. ఒక చోట గేదెలు అడ్డం వచ్చి ట్రాక్టరు ఆగింది. రెండు మీటర్లు వెనక్కి తీస్తే దారి దొరికేది, తీయలేదు. త్రికోణపు బార్ మీద వెనక్కి తీస్తే కారు ముందు చక్రాలు ఒక్కసారిగా పూర్తిగా పక్కకు తిరిగిపోయి బార్ మెలిపడుతుంది. గేదెలు పోయేవరకు ఆగారు.

ట్రైలరు మీదికి

రెండు ఇరుసుల ట్రైలరు, బల్ల 4.5 మీటర్ల పొడవు, ఖాళీ బరువు 660 కిలోలు. కారుతో కలిపి 1,780. లాగే డబుల్ క్యాబ్ పికప్ సొంత బరువు 1,940. ట్రైలరు మొత్తం బరువు లాగే బండి బరువును మించకూడదన్నది ఇక్కడ పెట్టుకున్న హద్దు. ఆ హద్దు లోపల కూడా ట్రైలరుకు సొంత బ్రేకులు తప్పనిసరి. ఈ ట్రైలరువి ఓవర్‌రన్ బ్రేకులు: పికప్ వేగం తగ్గగానే ట్రైలరు ముందుకు నెట్టుకొస్తుంది, ఆ తోపుడే ట్రైలరు ముక్కు కొండిలోని రాడ్డును నొక్కి ట్రైలరు డ్రమ్ములకు బ్రేకు వేస్తుంది. బ్రేకులు లేని ట్రైలరు, లేదా తేలికపాటి కారు మాత్రమే దొరికితే ఈ పని ఆపి హైడ్రాలిక్ రికవరీ లారీని మాట్లాడుకోవడమే తెలివి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఎక్కించేటప్పుడు ఎక్కువ మంది మరచిపోయే ప్రమాదం ఒకటుంది. కారు ట్రైలరు తోక మీద ఉండగా ట్రైలరు ముక్కు పైకి లేస్తుంది, దాంతో పికప్ వెనక భాగాన్ని ఎత్తుతుంది. పికప్ హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. అవి తేలికైతే మొత్తం సరంజామా నింపాదిగా ముందుకు దొర్లుతుంది, ర్యాంపుల మీద సగంలో ఉన్న కారుతో సహా. అందుకని ట్రైలరు తోక కింద రెండు దన్నులు పెట్టాలి, పికప్ ముందు చక్రాలకు కూడా అడ్డుచెక్కలు వేయాలి.

ర్యాంపు పొడవు 2 మీటర్లు, బల్ల ఎత్తు అర మీటరు. ఆ వాలులో 1,120 కిలోల బండిని లాగడానికి సుమారు 310 కిలోల బలం కావాలి. టన్నున్నర చేతి వించి వాడారు, బ్రేకు కొంచెం పట్టేసినా మిగులు ఉంటుందని. వైరు తాడు మధ్యలో తడి గోనె సంచి వేలాడదీశారు, తెగితే ఎగిరి కొట్టకుండా. కారు వెనక ఎవరూ లేరు. ఇద్దరు పక్కల నుంచి పొడుగాటి కర్రలకు బిగించిన అడ్డుచెక్కలను వెనక చక్రాల వెంట జరుపుతూ వచ్చారు. కారు పక్కన నడుస్తూ కిటికీలోంచి స్టీరింగు తిప్పే పద్ధతి చూడటానికి సులువు, కారుకూ ట్రైలరు మడ్‌గార్డుకూ మధ్య మనిషి నలిగేది అక్కడే. ర్యాంపు మొదట్లో కింద రెండంగుళాల చెక్క పలకలు వేయడంతో సైలెన్సరు గొట్టం రాసుకోలేదు.

ముక్కు బరువు

బల్ల మీద కారును ఎక్కడ ఆపాలన్నది కంటికి వదిలేసే విషయం కాదు. బరువంతా ఇరుసుల వెనక పడితే ట్రైలరు ముక్కు తేలికై, వేగం పెరిగేకొద్దీ తోక ఊగడం మొదలవుతుంది. ఊగు ఒక వేగం దాటాక దానంతటది తగ్గదు, పెరుగుతుంది. ముక్కు మరీ బరువైతే పికప్ వెనక కూర్చుండిపోయి, ముందు చక్రాల పట్టు తగ్గి, రాత్రి లైట్లు ఆకాశాన్ని చూస్తాయి. మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం ముక్కు మీద ఉండాలి, హిచ్ (పికప్ వెనక ట్రైలరు తగిలించే బంతి) ప్లేటు మీద రాసిన హద్దు దాటకుండా. ఇక్కడ లెక్క 125 నుంచి 178 కిలోలు.

కొలవడానికి విదేశీ పరికరం అక్కర్లేదు. వడ్లు తూచే కాటా తెచ్చి, మట్టమైన నేల మీద పెట్టి, హిచ్ ఎత్తుకు సరిపోయే చెక్క దిమ్మ నిలబెట్టి ట్రైలరు ముక్కును దాని మీద దించారు. ఆ ముందే ట్రైలరు చక్రాలకు అడ్డుచెక్కలు వేశారు. మొదటిసారి కాటా చూపించింది 55. కారును ముందుకు జరపాలి. ముక్కు నుంచి ఇరుసుల మధ్యకు 3.3 మీటర్లు, కాబట్టి కారును 10 సెంటీమీటర్లు జరిపితే ముక్కు మీద 34 కిలోలు పెరుగుతాయి. 28 సెంటీమీటర్లు జరిపారు, 150 వచ్చింది. అక్కడ చక్రాల ముందు, వెనక బల్లకు అడ్డు కొయ్యలు బిగించారు.

పక్కన మరో మాట. ఇంజిను విప్పేసిన బళ్లను తరలించేటప్పుడు ఆ ఇంజినును డిక్కీలో పడేసి "అన్నీ ఒక చోటే ఉన్నాయిలే" అనుకుంటారు. 150 కిలోల దుంగను ముందు ఇరుసు మీద నుంచి తీసి మూడు మీటర్లు వెనక్కి పెట్టినట్టు. ఇదే ట్రైలరు మీద, కారు ఇదే చోట ఉంటే ముక్కు బరువు 150 నుంచి 14 కిలోలకు పడిపోతుంది. అరవై దాటిన వేగంలో ఒక ఓల్వో బస్సు పక్క నుంచి దూసుకుపోతే చాలు. విప్పిన ఇంజిను పికప్ తొట్టిలోకి వెళ్లాలి, లేదా కారు స్థానం మళ్లీ తూచి మార్చుకోవాలి.

కట్టడం

50 మిల్లీమీటర్ల వెడల్పు, 5 టన్నుల తెగే బలం ఉన్న రాచెట్ పట్టీలు (మీట ఆడిస్తూ క్లిక్కు క్లిక్కుగా బిగించేవి) నాలుగు. సరుకు కదలకుండా కట్టేటప్పుడు ముందుకు తోసే బలం బండి బరువులో 80 శాతం, పక్కలకూ వెనక్కూ 50 శాతం అని లెక్క వేసుకోవాలి. అంటే ఇక్కడ ముందుకు దాదాపు 900 కిలోలు. మంచి పట్టీలు రెండైనా దీనికి సరిపోతాయి. తెగేది పట్టీ కాదు, పట్టీ తగిలించిన చోటు. తుప్పు రంధ్రాలున్న బాడీకి కొక్కెం తగిలిస్తే పట్టీ గట్టిగానే ఉంటుంది, బాడీ ముక్క మాత్రం దానితో వచ్చేస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. బాడీకి కట్టి బిగిస్తే స్ప్రింగులు నొక్కుకుపోతాయి. గుంతలో కారు ఇంకొంచెం దిగగానే పట్టీ వదులై కొక్కెం జారుతుంది. అందుకే వెనక ఇరుసు గొట్టానికి, కమాన్ పట్టీలు కూర్చున్న చోటుకు లోపలి వైపు, తోలు తొడుగు వేసిన చిన్న పట్టీ చుట్టి దానికి రాచెట్ తగిలించారు. ఇరుసు మీదుగా పోయే సన్నటి బ్రేకు పైపు, హ్యాండ్‌బ్రేకు కేబుల్ పట్టీ కింద నలగకుండా చూసుకోవాలి. ముందు వైపు కింది సస్పెన్షన్ చేతుల లోపలి మొదలుకు కట్టారు. వెనక పట్టీలు రెండూ కత్తెర వేసి వెనక మూలలకు, ముందువి నేరుగా ముందు మూలలకు. ఇలా ఉంటే కారు ఎటూ జరగదు. పట్టీని తగిలించే ముందు ఒకటి రెండు మెలికలు తిప్పితే గాలికి దడదడలాడదు. దడదడకే పట్టీ అంచు అరిగి పీచు లేస్తుంది. నైలాన్ తాడు, కొబ్బరి తాడు సాగుతాయి, వాటిని అట్టపెట్టెలకు ఉంచుకోవాలి.

కారు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి. బానెట్ లాక్ పాతది కాబట్టి గాలి లోపలికి దూరి లేపకుండా మెత్తటి నూలు తాడుతో కట్టారు. హబ్ కప్పులు, వైపర్లు, విప్పిన బంపరు పికప్ తొట్టిలో దుప్పట్లలో. కారుకు టార్పాలిన్ కప్పలేదు. ఆరు గంటలు గాలికి కొట్టుకునే టార్పాలిన్ పెయింటును ఇసుక కాగితంలా గీరుతుంది.

చివరిగా కొండి. బంతి మీద కప్పు కూర్చున్నట్టు కనిపించడం వేరు, కూర్చోవడం వేరు. కొండి మూసి, ట్రైలరు ముందు చిన్న చక్రాన్ని తిప్పి ముక్కును పైకి ఎత్తాలి. పికప్ వెనక భాగం కూడా లేస్తే కొండి పట్టినట్టు. ఆ తర్వాత కత్తెర గొలుసులు, ట్రైలరు విడిపోతే దాని బ్రేకులు లాగే తెగుడు తీగ, లైట్ల ప్లగ్గు.

రోడ్డు మీద

తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరారు, బెజవాడ ట్రాఫిక్ పెరగకముందే దాటాలని. 65వ నంబరు జాతీయ రహదారి మీద వేగం 60 దాటలేదు. మొదటి తనిఖీ 8 కిలోమీటర్లకు, ఆ తర్వాత కంచికచర్ల ముందు, కోదాడ, సూర్యాపేట, చౌటుప్పల్. ప్రతి ఆగినచోటా చూసేవి అవే: నాలుగు పట్టీల బిగువు, కారు టైర్ల గాలి, ట్రైలరు హబ్బుల వేడి, కొండి, లైట్లు.

మొదటి తనిఖీలోనే వెనక ఎడమ పట్టీ నాలుగు క్లిక్కులు వదులైంది. రాచెట్ జారలేదు. కారు ఎడమ వెనక టైరు 28 నుంచి 19కి దిగింది. టైరు దిగితే ఇరుసు దిగుతుంది, ఇరుసు దిగితే పట్టీ వదులవుతుంది. ట్రైలరు మీద నిలబడిన కారు టైర్ల గాలి ఎందుకు ముఖ్యమో ఇంతకంటే బాగా చెప్పలేం. వాల్వు పిన్ను లీకు. పిన్ను మార్చి, గాలి కొట్టి, మళ్లీ బిగించారు. పట్టీ మాత్రమే బిగించి ముందుకు పోయి ఉంటే ఇంకో నలభై కిలోమీటర్లకు అదే కథ.

కోదాడ దగ్గర ట్రైలరు కుడి వెనక హబ్బు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. మిగతా మూడూ గోరువెచ్చగా ఉన్నాయి. ఒక్కటే కాలుతుంటే బేరింగు అయినా బిర్రయి ఉండాలి, బ్రేకు అయినా పట్టి ఉండాలి. జాకీ ఎత్తి తిప్పితే షూ రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. అడ్జస్టరు రెండు పళ్లు వదులు చేశాక స్వేచ్ఛగా తిరిగింది. సూర్యాపేటలో మిగతా వాటితో సమానంగా ఉంది.

కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దాటాక పెద్ద బస్సు దాటినప్పుడు ఒకసారి చిన్న ఊగు వచ్చింది. అలాంటప్పుడు పికప్ బ్రేకు తొక్కకూడదు, వేగం పెంచి సరిచేయాలనీ చూడకూడదు. యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకుంటే ఊగు దానంతట చచ్చింది. ముక్కు బరువు 55 దగ్గరే వదిలేసి ఉంటే ఇది ఇంత తేలికగా తేలేది కాదు.

దించడం, కాగితాలు

షెడ్డులో దించేటప్పుడు ట్రైలరును పికప్ నుంచి విప్పలేదు. విప్పితే కారు వెనక్కి రాగానే ట్రైలరు తక్కెడలా పడిపోతుంది. తోక కింద దన్నులు పెట్టి, వించి తాడు బిగించి ఉంచి, వెనక పట్టీలు ముందు, ముందు పట్టీలు చివర విప్పారు.

50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. బండి అసలు రూపంలో ఉండాలి కాబట్టి చావిడిలోనే, బంపరు విప్పకముందే, చాసిస్ ప్లేటు, ఇంజిను నంబరు, నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకున్నారు. బ్రాకెట్ల కోసం కొత్త రంధ్రాలు వేయలేదు, ఉన్న బంపరు రంధ్రాలనే వాడారు.

పట్టీలు చుట్టే ముందు ఒక్కొక్కటి చేత్తో తడిమి చూశారు. ముందు కుడి పట్టీ, సస్పెన్షన్ చేయి అంచుకు తగిలిన చోట, అంగుళం మేర పీచు లేచి ఉంది. తోలు తొడుగు వెనక రెండిటికే వేశారు. ఆ పట్టీని సగానికి కోసి పారేశారు, ఇంకెవరూ తీసి వాడకుండా.